మూడో అంతస్తులో సందేహాలు

"మాకేమీ వద్దండీ," అన్నాడతను తలుపు సగమే తెరిచి.

"నేనేమీ అమ్మడం లేదండీ," అంది బయట నిలబడ్డ అమ్మాయి.

"చందా కూడా ఇవ్వను."

"అడిగానా?"

అడగలేదు. తలుపు ఇంకొంచెం తెరుచుకుంది. మూడంతస్తులు ఎక్కిన ఆయాసం తీర్చుకుంటూ ఆమె నవ్వింది. ఆ నవ్వు చూశాక తలుపు మూయడం అతని తరం కాలేదు.

"వీధి చివర చిన్న ఆసుపత్రి ఉంది కదా, దాన్ని మూసేసి ఆ జాగాలో కార్ల పార్కింగ్ కడతారట. వచ్చే నెల కౌన్సిల్ మీటింగులో తేల్చేస్తారు. ఆ పొద్దున మేమంతా కౌన్సిల్ ఆఫీసు ముందు కూర్చుంటున్నాం. మీరూ వస్తారా?"

"మీరు ఏ పార్టీ?"

"ఏ పార్టీ కాదు. స్కూలు వ్యాను నడుపుతాను. పిల్లలు వ్యానక్క అంటారు. వాళ్ళని చూసి అందరూ అదే పిలుపు. మీరూ అలాగే పిలవొచ్చు."

"అబ్బే, నేనలా పిలవలేనండీ," అన్నాడు కంగారుగా. ఎందుకన్నాడో తెలిసేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

అతను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. వీధిలో అద్దాలబ్బాయి అంటారు. చెవుల వెనక నొక్కుతోందా, ముక్కు మీద జారుతోందా అని పొద్దస్తమానం అడుగుతూనే ఉంటాడు. అవి మాటల్లోకి రావు కదా. గదికొచ్చి ఒక్క కంచంలో తిని, ఆ ఒక్క కంచమే కడిగి బోర్లిస్తాడు. ఆదివారం అక్క ఫోను చేస్తే తప్ప ఆ గదిలో మనిషి గొంతు వినపడదు. ఒంటరితనం అతనికి అలవాటైంది గానీ, ఇష్టం మాత్రం కాలేదు.

అందుకే 'వస్తానండీ' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కింది వాటా పిన్నిగారు పొద్దున చెప్పింది గుర్తొచ్చింది. "వ్యానక్క వచ్చింది నాయనా, వస్తానన్నాను. అంతే, మళ్ళీ ఇటు తొంగి చూడలేదు. ఊఁ అన్నవాళ్ళ ఇంటికి మళ్ళీ రారట. ఎటూ తేల్చుకోని వాళ్ళ చుట్టూనే తిరుగుతారట!"

"కొంచెం ఆలోచించుకోవాలండీ," అన్నాడు.

"తప్పకుండా. వచ్చే శనివారం వస్తాను."

ఆ వారమే అతను రెండో కుర్చీ కొన్నాడు.

శనివారానికొక సందేహం సిద్ధం చేసుకునేవాడు. పార్కింగ్ వస్తే షాపులకు మంచిదే కదా? పెద్దాసుపత్రిలో కూడా మందులిస్తారు కదా? ఆమె విసుక్కోకుండా చెప్పేది. పార్కింగుకి మార్కెట్ వెనక ఖాళీ జాగా ఉంది. పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి, ఆయాసం మనిషి రెండో బస్సు దాకా ఆగొద్దూ? ఒకసారి వ్యానులో ఒక పాప గొంతులో బిళ్ళ అడ్డుపడితే ఈ చిన్న ఆసుపత్రి ముందే బ్రేకు వేసి ఎత్తుకుని పరిగెత్తిందట. అది చెబుతూ ఆమె పాపను ఎత్తుకున్నట్టే రెండు చేతులూ చాచింది. అతనికి సందేహాలన్నీ కట్టిపెట్టి ఆ చేతులు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఇంకో సందేహం అడిగాడు.

"మనం కూర్చుంటే మాత్రం వాళ్ళు వింటారా?"

"ఒక్కరు కూర్చుంటే వాచ్‌మన్ కూడా వినడు. నాలుగు వీధులు కలిసి కూర్చుంటే ఓట్లు గుర్తొస్తాయి. అందుకే కదా ఈ మెట్లు ఎక్కడం," అని, "మీ ఓనరు ఏమంటాడోనని భయమా?" అంది.

ఓనరుకి ఈ గొడవ సంగతే తెలీదు. అయినా అతను, "అవునండీ," అనేశాడు.

"ఫరవాలేదు. భయం అందరికీ ఉంటుంది. నేను తొందరపెట్టను," అంది మెత్తగా. ఆ మెత్తదనానికి అతనికి సిగ్గేసింది.

ఆదివారం అక్క పట్టేసింది. "గొంతులో ఏంట్రా ఆ హుషారు? ఎవరు?"

"ఎవరూ లేరక్కా. ఆసుపత్రి కోసం ఉద్యమం."

"ఉద్యమానికి జడ ఉందా?"

ఇక దాచలేక అంతా చెప్పేశాడు. అక్క పగలబడి నవ్వింది. "వస్తానని చెప్పి చావక ఈ నాటకాలేంట్రా?"

"చెప్తే మళ్ళీ రాదక్కా."

అవతల నవ్వు ఆగిపోయింది. "అంత ఒంటరిగా ఉన్నావట్రా?" అంది అక్క.

మరో శనివారం తలుపు చప్పుడు కాగానే అద్దం ముందు క్రాపు సర్దుకుని పరిగెత్తాడు. ఎదురుగా రిటైరైన హెడ్మాస్టరు గారు!

"ఏం బాబూ, నీకేవో సందేహాలున్నాయట. ఒక్కొక్కటే అడుగు," అంటూ వచ్చి కొత్త కుర్చీలో తీరిగ్గా చేరబడ్డారు.

"ఆవిడ... రాలేదేమండీ?"

"ఎక్కడ వస్తుంది? వెనక వీధి అంతా మిగిలిపోయింది. శనివారం సాయంత్రాలన్నీ ఇక్కడే గడిచిపోయాయట పాపం. ఎల్లుండే మీటింగు. వానలో ఒక్కతే తిరుగుతోంది."

అతను లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, నేను వస్తాను. నాకే సందేహమూ లేదు."

"నేనింకా మొదలుపెట్టనే లేదయ్యా!" అన్నారాయన నిరాశగా.

వెనక వీధిలో వాన దంచి కొడుతోంది. ఒక పాత బిల్డింగు మెట్ల దగ్గర ఆమె తడిసిన జడ పిండుకుంటూ కనిపించింది.

"మీరా! ఆలోచించడం అయిందా?"

"మొదటి రోజే అయిందండీ."

"అంటే?"

"సందేహాలేవీ నావి కావు. మీరు ఇంకాసేపు కూర్చుంటారని అడిగాను."

"మరి ఓనరు?"

"అబద్ధం."

ఆమె ముఖంలోకి నవ్వు రాబోయి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ వీధిలో ఎంతమంది ముసలివాళ్ళున్నారో తెలుసా? ఆ ఆసుపత్రి లేకపోతే వాళ్ళకి గతి లేదు. వాళ్ళ దగ్గరికి రావాల్సిన సాయంత్రాలు మీ సందేహాలకి ధారపోశాను."

"తప్పేనండీ. ఊఁ అంటే మళ్ళీ రారని పిన్నిగారు చెప్పారు."

"ఆవిడకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి నేను మళ్ళీ వెళ్ళి పిలవలేదు! మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఊఁ అంటే మర్నాటి నుంచే మాతో తలుపులు తట్టడానికి రమ్మంటాం. ఇద్దరిద్దరు కలిసి తిరగాలని మా పద్ధతి. అందరికీ జత దొరికింది, నాకే దొరకలేదు. ఈ చీకటి మెట్లన్నీ ఒక్కదాన్నే ఎక్కాను. మీరు మొదటి రోజే వస్తానంటారని ఎంత ఆశపడ్డానో!"

అతను ఆ చీకటి మెట్ల వైపు చూశాడు.

"గదిలో మీరొక్కరే ఉన్నారని మీకు అంత దిగులు. నా పక్కన కూడా ఎవరూ లేరు కదా. ఒక్కసారైనా అడగాలనిపించలేదా?"

"లేదండీ," అన్నాడు. "నా దిగులే చూసుకున్నాను."

ఆ నిజం ఆమె ఊహించినట్టు లేదు. అరచేత్తో ముఖం తుడుచుకుంది. "కోపం పోయిందనుకోకండి. కానీ ఈ వీధి పూర్తవ్వాలి. పదండి."

మొదటి ఇంట్లో ఒక తాతగారు, పార్కింగ్ వస్తే మంచిదే కదా అన్నారు. అద్దాలబ్బాయి ఊపిరి తీసుకోకుండా మార్కెట్ వెనక జాగా దగ్గర్నుంచి రెండో బస్సు దాకా అప్పజెప్పాడు. ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతుంటే నవ్వుతోందని తెలిసింది.

సోమవారం కౌన్సిల్ ఆఫీసు ముందు నాలుగు వీధుల జనం కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఒక కౌన్సిలర్ బయటికొచ్చి, నిర్ణయం మూడు నెలలు వాయిదా వేశామని చెప్పాడు. గెలుపూ కాదు, ఓటమీ కాదు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు నిట్టూర్చి ఇళ్ళకు పోయారు. కౌన్సిల్ వెనక్కి తగ్గాలంటే ఇంకా ఎన్నో వీధులు కదలాలని హెడ్మాస్టరు గారు లెక్చరిచ్చారు.

ఆ శనివారం కొత్త వీధి, కొత్త మెట్లు. వాన లేదు. సగం మెట్లెక్కి అతను ఆగిపోయాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ. అది చెప్పకుండా ఇంకో తలుపు తట్టలేను."

ఆమె తలుపు ముందున్న పై మెట్టు మీద వెనక్కి తిరిగి అతన్ని చూసింది. "మూడు నెలల తర్వాత ఓడిపోతే? మళ్ళీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడూ వస్తారా?"

"వస్తాను."

అతను తనున్న మెట్టు దాకా వచ్చేవరకు ఆమె ఆగి, అప్పుడు తలుపు తట్టింది.

"ఎవరది?" అని లోపల్నుంచి ఎవరో అడిగారు.

అతను నోరు తెరిచేలోపే ఆమె అంది.

"మేమిద్దరమండీ."