జానెడు వైరు

వానలో తడిసిన నర్సు యూనిఫామ్‌తోనే వచ్చి, న్యూజిలాండ్‌లో డునెడిన్‌లోని ప్రైవేట్ డిటెక్టివ్ మంగాదేవి ఆఫీసులో కూలబడింది బెట్సీ.

“మేడమ్, మా అమ్మకి కరెంట్ షాక్ కొట్టింది. కమ్యూనిటీ హాల్లో గ్రైండర్ మీద చెయ్యి వేసింది, అంతే! పడి మణికట్టు విరిగింది. ప్రాణం దక్కడమే గొప్ప. ఆ గ్రైండర్ రిపేరు చేసింది మా ఆయన విన్సెంట్.”

“అతనేమంటాడు?”

“అన్నీ చెక్ చేసే ఇచ్చానంటాడు. హాలు తాళాలు చూసే జనార్ధనరావు అంకుల్ మాత్రం, అల్లుడే అత్తని చంపబోయాడని అందరికీ ఫోన్లు చేస్తున్నాడు. రేపు ఎలక్ట్రీషియన్ లైసెన్సు వాళ్ళ విచారణ. లైసెన్సు పోతే షాపు మూసుకోవాలి. అదీ కాదు మేడమ్... తప్పు ఆయనదో కాదో నాకే తెలియట్లేదు. అమ్మ మొహం చూడలేను, ఆయన మొహమూ చూడలేను.”

మంగాదేవి గొడుగు తీసుకుంది. అసిస్టెంట్ నర్సింహ అప్పటికే కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. చదువుకోవడానికి వచ్చి, మేడమ్ తెలివికి దాసోహమై ఇక్కడే ఉండిపోయిన మనిషి మరి!

హాలు వంటగదిలో గ్రైండర్ ఓ మూల ఉంది. ప్లగ్గు గోడ నుంచి తీసి ఉందని చూసుకున్నాకే మంగాదేవి దాన్ని ముట్టుకుంది. స్టీలు అడుగున ఒక సొట్ట. వైరు చివర స్క్రూలతో బిగించిన ప్లగ్గు. దానికి రెండు వేళ్ళ దూరంలో విన్సెంట్ చెక్ చేశాక గుర్తుగా చుట్టిన పసుపు ట్యాగ్. పక్కనున్న రైస్ కుక్కరు, హీటరు కూడా విన్సెంట్ చూసినవే. వాటి ట్యాగ్‌లు ప్లగ్గుకి జానెడు దూరంలో ఉన్నాయి. ఆమె గ్రైండర్ ప్లగ్గు స్క్రూలు విప్పి లోపల చూసి, మళ్ళీ బిగించేసింది.

“ట్యాగ్ అయితే మంచిగనే ఉంది గదా మేడమ్. నాకేం సమజ్ కాలే,” అన్నాడు నర్సింహ.

“చూశావు. కొలవలేదు,” అందామె.

అక్కడి నుంచి జనార్ధనరావు ఇంటికి వెళ్ళారు. గ్యారేజీ నిండా దోసెల పిండి డబ్బాలు. వారం వారం అమ్ముతాడట. టీ ఇచ్చి విన్సెంట్‌ని తిట్టిపోశాడు. నర్సింహ ఫోన్ చార్జింగ్ అయిపోతే, జనార్ధనరావు తను ఊర్నించి తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి, పైకన్నంలో పెన్ను గుచ్చి కింది కన్నాల లోపలి తలుపు తెరుచుకునేలా చేసి, రెండు పిన్నుల చార్జరు పెట్టేశాడు.

“చిన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఆ మూడో పిన్ను ఉండేది తలుపు తీయడానికే!” అని నవ్వాడు జనార్ధనరావు. మంగాదేవి కూడా నవ్వింది. ఆ నవ్వు నర్సింహకి బాగా తెలుసు. మేడమ్‌కి దొంగ దొరికేశాడు.

సాయంత్రం అందరూ హాలు వంటగదిలో చేరారు. బెట్సీ తల్లి ఆనందమ్మ చేతికి కట్టుతో కుర్చీలో కూర్చుంది. విన్సెంట్ తలెత్తలేదు.

“బాబూ, ట్యాగ్ ఎక్కడ చుడతావు?” అడిగింది మంగాదేవి.

“ప్లగ్గుకి జానెడు దూరంలో మేడమ్. మరీ దగ్గరైతే నలిగిపోద్ది.”

“ఈ గ్రైండర్‌కి రెండు వేళ్ళ దూరమే ఉంది. ట్యాగ్ నడవదు కదా! అంటే నువ్వు చెక్ చేశాక ఎవరో వైరు కోసి, కొత్త ప్లగ్గు బిగించారు.”

“నేను ఇచ్చినప్పుడు విప్పడానికి వీల్లేకుండా అచ్చు పోసిన ప్లగ్గే ఉంది!” విన్సెంట్ ఒక్కసారి లేచాడు.

“ప్లగ్గు మారిస్తే మాత్రం ఏమైందమ్మా?” జనార్ధనరావు గొంతు పెంచాడు. “ఆ పచ్చ వైరు లేకపోతే గ్రైండర్ తిరగదా ఏంటి?”

అందరూ ఆయన వైపు తిరిగారు.

“పచ్చ వైరు లేదని నేను చెప్పలేదే,” అంది మంగాదేవి మెల్లగా. “ప్లగ్గు లోపల చూసింది నేనొక్కదాన్నే. నేను కాక, దాన్ని బిగించిన మనిషికే తెలియాలి. పిండి అమ్మకానికి గ్రైండర్ ఇంటికి పట్టుకెళ్ళారు. దారిలో పడేశారు. అడుగు సొట్టపడి లోపలి సీలు చిట్లింది, ప్లగ్గు పగిలింది. తలుపు తీసే పిన్నుకి వైరెందుకని ఆ పచ్చది, ఎర్త్ వైరు, కత్తిరించేశారు. మోటారులోకి నీళ్ళు దిగితే ఆ కరెంటు ఎర్త్ వైరులోంచి పోయి ఫ్యూజు కొట్టేసేది. ఆ దారి మీరు మూసేశారు. కరెంటు ఆనందమ్మగారి చేతిలోంచి పోయింది.”

జనార్ధనరావు మొహం పాలిపోయింది. “ఇంత అవుద్దనుకోలేదమ్మా... భయమేసి విన్సెంట్ మీదికి తోసేశాను.”

“రేపు విచారణలో మీ నోటితో మీరే చెప్తారు,” అందామె.

“చెప్పకుంటే నేను కార్లో ఎక్కించుకుని పోత,” అన్నాడు నర్సింహ ఉత్సాహంగా.

విన్సెంట్ షాపుకి పరుగెత్తి వెళ్ళి కొత్త సీలూ, ప్లగ్గుతో సహా కొత్త వైరూ తెచ్చాడు. పాత ప్లగ్గు విచారణలో చూపించడానికి మంగాదేవికిచ్చి, అవి బిగించి, మీటరు పెట్టి, ఒక్కో పరీక్షా పైకి చెబుతూ చేశాడు. “ఎర్త్ బాగుంది. లీకేజీ లేదు.” జానెడు కొలిచి కొత్త ట్యాగ్ చుట్టి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు. రాయి గరగరా తిరిగింది.

దాన్ని ముట్టుకోవడానికి ఎవరూ సాహసించలేదు. బెట్సీ ముందుకొచ్చింది. మీటరు వైపు చూడలేదు. భర్త కళ్ళలోకే చూస్తూ స్టీలు మీద అరచెయ్యి ఆనించింది.

“నన్ను క్షమించు విన్సెంట్. ముందే నమ్మాల్సింది,” అంది. విన్సెంట్ ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

ఆనందమ్మ కళ్ళు తుడుచుకుని, మంచి చేతిని కూతురి చేతి పక్కనే పెట్టింది. “నా అల్లుడు చూశాడంటే చూసినట్టే!” అని హాలంతా వినబడేలా అంది. “పప్పు నానబెట్టండర్రా. రేపు విచారణ నుంచి రాగానే అందరికీ గారెలు!”