రాదిచ్ కోట తలుపు మూసినవాడు

"రాదిచ్ దొర కోటలో ద్రోహి ఉన్నాడు. పండుగనాడు తలుపు సుల్తాను మనుషులకి అప్పజెబుతాడు. ఆపు. పట్టుబడితే నువ్వెవరో మాకు తెలియదు."

సెర్బియా ప్రభువు గూఢచారుల పెద్ద అంతకుమించి మాట్లాడలేదు. ఏజెంట్ వుక్షా ద్రాక్షసారా వ్యాపారి వేషంలో కోటలో దిగాడు. నెల తిరక్కుండానే దొరగారి కోడలు యెరీనాకి దగ్గరయ్యాడు. ఆమె చూస్తే కళ్లు తిప్పుకోలేని మనిషి. భర్త ఒలివేర్ యుద్ధంలో పోయాడని అందరూ అనుకునేవారు. వుక్షా చనువులో కొంత మిషన్, కొంత కాదు. అదే అతన్ని రాత్రిళ్లు పొడిచేది.

పండుగంటే స్లావా, ఆ ఇంటిని కాచే పరిశుద్ధుని పేర జరిపే రోజు. ఆ రోజు ఎవరినీ పిలవరు, వచ్చినవాణ్ని పొమ్మనరు, తలుపు మూయరు. అందుకే వుక్షా తలుపు మీది బురుజెక్కి, ఇనుప కమ్ముల తలుపును ఎత్తిపట్టే మోకు పక్కన గొడ్డలితో కాపు కాశాడు.

మధ్యాహ్నం పీపాల బండ్లతో ఓ గుంపు వచ్చింది. ముందున్నవాడు చక్కటి సెర్బు భాషలో అరిచాడు: "దొరగారు పిలిచారండీ, వచ్చాం!"

వుక్షా ఉలిక్కిపడ్డాడు. స్లావాకి పిలుపేమిటి? వీళ్లు ఈ నేల మనుషులు కారు.

గొడ్డలెత్తాడు. యెరీనా పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దు! ఒలివేర్ బతికే ఉన్నాడు, వాళ్ల దగ్గర బందీగా. తలుపు పడిందా, తల తీసేస్తారు."

"ద్రోహివి నువ్వా? ఒక్క మాట నాతో చెప్పలేకపోయావా?"

"నువ్వెవరో నాతో చెప్పావా?"

వుక్షా నిజం చెప్పి ఉంటే ఇద్దరూ కలిసి ఒలివేర్‌ని విడిపించే దారి వెతికేవాళ్లేమో. కింద ముంగిట్లో ముసలివాళ్లు, పిల్లతల్లులు రొట్టె విరుచుకుంటున్నారు. మొదటి బండి గడప తాకింది.

చెయ్యి విదిలించుకుని మోకు నరికాడు. తలుపు బండి మీద కూలింది. పీపా పగిలి కత్తులు దొర్లాయి. వెనకవాళ్లు పరుగు లంకించుకున్నారు.

రాదిచ్ దొర రొప్పుతూ పైకొచ్చాడు. "స్లావానాడు నా తలుపు మూసిందెవడ్రా?"

యెరీనా నోరు విప్పితే ఉరి. వుక్షా ముందే అన్నాడు: "నేనేనండి. కుట్ర కనిపెట్టి చెప్పింది మాత్రం మీ కోడలు."

ముసలాయన యెరీనా నుదురు ముద్దాడాడు. "నా తల్లే! మా ఒలివేర్ బతికుంటే ఎంత మురిసిపోయేవాడో! ఏమయ్యా వ్యాపారీ, ఏమంటావు?"

నాలుగు భాషల్లో అబద్ధమాడగల ఏజెంట్ వుక్షాకి ఒక్క భాషలోనూ నోరు పెగల్లేదు.