అటు మాట ఇటు

వ్యాను ఇంకా వీధి మలుపు తిరగలేదు, వెనక సీట్లో కిటికీ గురించి గొడవ మొదలైంది. పిల్లల మధ్య కాదు. పిల్లల అత్తకీ, పిల్లల మామయ్యకీ మధ్య.

"ఆ అద్దం ఉన్నట్టుండి జారిపడుతుంది. చంటిదాని వేళ్ళు నలుగుతాయి. మీరిటు జరగండి," అంది ఆమె.

"నేను లిఫ్టు మెకానిక్‌ని. తలుపుల్లో ఇరుక్కునే వేళ్ళ సంగతి నాకే చెప్తున్నావా మరదలా?"

"మరదలేమిటి మధ్యలో?"

"మా అక్క మొగుడికి చెల్లెలివి. మరదలా అనక మేడమ్ అనాలా?"

ఆమె చంటిదాన్ని కిటికీ దగ్గర్నుంచి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. ఎదుటివాళ్ళకి ఎంత కనిపిస్తే అంతే రాయాలి, పిసరు ఎక్కువ రాసినా వాళ్ళకి తలనొప్పి. ఆ అలవాటు మాటల్లోకి కూడా వచ్చేసింది. అతణ్ణి ఆమె చివరిసారి చూసింది అన్నయ్య పెళ్ళిలో, ఇద్దరూ ఐస్‌క్రీము కోసం కొట్టుకునే వయసులో. తర్వాత ఎవరి ఊరు వాళ్ళది.

చంటిది ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మామయ్య పెళ్ళాన్ని అత్త అంటారు కదా. మరి మీరెందుకు దెబ్బలాడుకుంటున్నారు?"

"పెళ్ళాం అయితే దెబ్బలాడదా?" అని నవ్వబోయాడతను.

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ముందు వ్యాను నడుపుతున్న అన్నయ్య భుజాలు కదల్లేదు. నడిమి సీట్లో వదిన కిటికీలోంచి చూపు తిప్పలేదు.

అన్నయ్య స్కూల్లో చరిత్ర చెప్తాడు. వదిన ఆస్పత్రిలో నర్సు. సెలవుల్లో కోటలన్నీ చూపిస్తానని పిల్లలకి ఏనాడో మాటిచ్చాడు. ఆ ఇంట్లో చెల్లించాల్సిన మాట ఇక అదొక్కటే. తిరిగొచ్చాక ఎవరి ఇల్లు వాళ్ళది, పిల్లలు తల్లి దగ్గర. ఆ సంగతి పిల్లలకి ఇంకా చెప్పలేదు. నెలల తరబడి ఒకరితో ఒకరు మాట్లాడుకోని మనుషులు వ్యానులో ఒంటరిగా ఉండలేక చెరొకర్ని తోడు తెచ్చుకున్నారు. ఆయన చెల్లెల్ని, ఆవిడ తమ్ముణ్ణి.

మొదటి కోట దగ్గరే ఆమెకి తన పనేమిటో తెలిసింది. అన్నయ్య పెద్దాణ్ణి వెంటబెట్టుకుని మెట్ల మీద ముందు, వదిన చంటిదాని చెయ్యి పట్టుకుని కింద. ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఒక గోడ దూరం.

"పిల్లలకి ఆకలేస్తోందని మీ అన్నయ్యకి చెప్పు. రాజులెక్కడికీ పారిపోరు, రేపొచ్చినా ఉంటారని కూడా చెప్పు."

ఆమె ఎక్కి వెళ్ళి ఆ మాట ఆ మాటగానే చెప్పింది.

"ఆకలైతే తినమను. నా కోసం ఆగడం ఎప్పుడు అలవాటు ఆవిడకి?"

ఆమె దిగి వచ్చి అది కూడా అలాగే చెప్పింది. మధ్యాహ్నానికి ఆమె మోకాళ్ళూ అరిగాయి, మనసూ అరిగింది. జారే మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు, కింద పిల్లలు. ఎక్కినప్పుడల్లా వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టుకుంది.

"ఎవరైనా అలా ఉన్నదున్నట్టు మోస్తారా?" అన్నాడతను, ఎదురొచ్చి. "తడిసిన ఉత్తరాన్ని పోస్టుమాన్ కూడా కాస్త ఆరబెట్టి ఇస్తాడు."

"నాకు ఆరబెట్టడం రాదు."

అప్పుడే వాన పట్టుకుంది. చినుకు చినుకుగా కాదు, బకెట్టు తిరగేసినట్టు. అందరూ కోట గుమ్మం కిందకి పరిగెత్తారు. గుమ్మానికి ఈ చివర అన్నయ్య, ఆ చివర వదిన. పిల్లలు చెయ్యి చాపి చూరునీళ్ళు పడుతున్నారు. మధ్యలో ఒక్క రాతి స్తంభానికి రెండువైపులా ఆమె, అతను.

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళకి నేనేం చెప్తానో తెలుసా? రెండే నిమిషాలు అంటాను."

"నిజంగా రెండే నిమిషాలా?"

"గంట కూడా పట్టొచ్చు."

"అంటే అబద్ధం."

"అబద్ధమే. కానీ తలుపులు బాదడం మానేస్తారు. వాళ్ళు బాదుతూ ఉంటే నేను బాగు చెయ్యలేను."

ఆమె అతని వంక పరీక్షగా చూసింది. "దూరం చూసేటప్పుడు మీ ఎడమ కన్ను చికిలిస్తున్నారు. ఒకసారి చూపించుకోండి."

"దగ్గరివన్నీ బాగానే కనిపిస్తున్నాయి," అన్నాడు, ఆమె మీంచి చూపు తియ్యకుండా. ఆమె వాన వైపు తిరిగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయేమోనని జుట్టు ముందుకి లాక్కుంది.

"ఒరే," అని పిలిచింది వదిన. "పొద్దు పోతోందని మీ బావకి చెప్పు. చీకట్లో ఆయనకి రోడ్డు కనపడదు. అందర్నీ గోతిలో పడేస్తాడు."

అతను వెళ్ళాడు. ఆమె చెవులు రిక్కించింది.

"బావా, అక్క నీ కళ్ళ గురించి కంగారు పడుతోంది. చీకట్లో నడపాలంటే నీకు కష్టమవుతుందని."

అన్నయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "తనే అందా?"

"అంది."

"వాన తగ్గనీ, పోదాం," అని అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. "తడిస్తే ఆవిడకి జలుబు. దారి పొడుగునా ఆ తుమ్ములు నేను భరించలేనని చెప్పు."

ఆ నాలుగడుగులూ నడవడం ఆమెకి అంత కష్టం ఎప్పుడూ కాలేదు. "వదినా, తడిస్తే నీకు జలుబు చేస్తుందట. వాన తగ్గాక వెళ్దామన్నాడు."

వదిన ముడుచుకున్న చేతులు విప్పి కిందికి వదిలింది.

చంటిది ఆమె కొంగు లాగింది. "అత్తా, నాన్న తుమ్ములు భరించలేనన్నాడు కదా."

"ఇది కూడా అన్నాడులే. నువ్వు వినలేదు," అంది ఆమె, తన కాలి బొటనవేలు చూసుకుంటూ.

మర్నాటికి ఆ పని చేతికి అలవాటైంది. దారిలో టీ కొట్టు దగ్గర అన్నయ్య ఆపింది తన తలనొప్పి చూసేనని వదినకి చెప్పారు ఇద్దరూ, వదినే అడిగిందని అన్నయ్యకి చెప్పారు. చల్లగాలికి షాలు కప్పుకోమని ఆయన అన్నాడట. ఎండలో నిలబడి పాఠం చెప్పొద్దని ఆవిడ అందట. పాత ధాన్యపు కొట్ల దగ్గర వదిన తన రొట్టెలో సగం తుంచి, ఎవరికీ చెప్పకుండా, అన్నయ్య టోపీ పక్కన పెట్టింది. ఆ సగం రొట్టె ఎవరూ చెప్పమన్నది కాదు. అది చూసి వీళ్ళిద్దరూ గోడ చాటుకి వెళ్ళి, నోళ్ళు మూసుకుని నవ్వారు.

సాయంత్రం బురుజు మెట్ల మీద, పై మెట్టున ఆమె, రెండు మెట్ల కింద అతను.

"నా ఎడమ కన్ను చూపించుకోమన్నావుగా. చూడు," అన్నాడు.

"అక్కడి నుంచి నా మొహం ఎలా ఉంది?"

"మసకగా."

"ఒక మెట్టు ఎక్కండి. ఇప్పుడు?"

"ఇంకా మసకగానే."

"అబద్ధాలకోరువి నువ్వు," అంది. మీరు పోయి నువ్వు వచ్చిందని అన్నాక గాని ఆమెకి తెలియలేదు. అతనికి వెంటనే తెలిసింది. రెండో మెట్టు అడక్కుండానే ఎక్కి పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడు స్పష్టంగా ఉంది," అన్నాడు.

"అక్కడే ఆగు."

కింద పెద్దాడు ఫిరంగి మీదెక్కి చెల్లెల్ని పేల్చేస్తున్నాడు. కాసేపు అదే చూశారు.

"వీళ్ళు విడిపోతే మనమేమవుతాం?" అని అడిగిందామె.

"మీ అమ్మ మా గుమ్మం తొక్కదు. మా అక్క నీ పేరు ఎత్తనివ్వదు."

"మరి ఈ మాటలన్నీ వాళ్ళ కోసం కలుపుతున్నామా, మన కోసమా?"

అతను ఒక గులకరాయి తీసి కింది మెట్టు మీదికి విసిరాడు. "రేపొక్కరోజు గడిస్తే మా అక్కతో చెప్తాను," అన్నాడు.

"ఏమని?"

"ఐస్‌క్రీము మరదలికే ఇచ్చేశానని."

ఆ రేపు వాళ్ళు చూడబోయింది ఎవరో రాణి సమాధి. లోపల పెద్ద గుమ్మటం, గోడ పొడుగునా గుండ్రంగా నడవా. అన్నయ్య గొంతు రెండ్రోజుల తర్వాత హుషారుగా ఉంది. "ఈ గోడకి చెవి ఆనించండి. అటువైపు వాళ్ళు గుసగుసలాడినా మనకి వినిపిస్తుంది." పిల్లలు కాసేపు కోతులూ కుక్కలూ అని అరుచుకున్నారు. తర్వాత పెద్దాడు బయటికి పరిగెత్తాడు, వాణ్ణి పట్టుకోవడానికి మామయ్య పరిగెత్తాడు. అటువైపు గోడ దగ్గర వదిన, చంటిది మిగిలారు. ఇటువైపు అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అన్నయ్యా," అంది ఆమె నెమ్మదిగా. "వదిన వాళ్ళ నాన్నగారి సంగతి. ఒక్క మాట అనెయ్యరాదూ."

"ఏమనాలి? ఆ మనిషి పోయిన రోజు నేను రాలేదని ఇన్నేళ్ళుగా సాధిస్తోంది. స్కూల్లో పరీక్షలు. వెళ్ళినా నేను చేసేదేముంది, బతికిస్తానా?" అన్నాడు అన్నయ్య, గోడవైపు మొహం తిప్పుకుని. "చాలు. అందర్నీ వ్యాను దగ్గరికి రమ్మను."

నడవా చుట్టూ నడుస్తూ ఆమె ఆ మాటని తిప్పి తిప్పి మెత్తబరిచింది. తను ఇంతవరకూ కలిపినవాటిలో ఇదే పెద్దదని ఆమెకి తెలుసు. ఇదొక్కటి అతికితే అన్నీ అతుకుతాయనుకుంది. ఆ కంగారులో గోడ సంగతే మర్చిపోయింది.

"వదినా," అంది. "మీ నాన్నగారప్పుడు రాకపోవడం తన తప్పేనంటున్నాడు అన్నయ్య."

వదిన గోడ దగ్గర్నుంచి చెవి తీసింది. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మళ్ళీ చెప్పు."

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది, గోడ సంగతి.

వదిన మళ్ళీ గోడవైపు తిరిగింది. ఆ రాయితోనే మాట్లాడుతున్నట్టు, గొంతు పెంచకుండా అడిగింది. "టీ కొట్టు దగ్గర మీరు ఆపింది నా తలనొప్పి కోసం కాదా?"

కాసేపటికి గోడలోంచి అన్నయ్య గొంతు వచ్చింది, పక్కనే ఉన్నట్టు. "నువ్వే అడిగావన్నారు."

"నేనడగలేదు. షాలు?"

"ఏ షాలు?"

వదిన భుజం మీది షాలు తీసి మడత పెట్టింది.

"నా కళ్ళ గురించి కంగారు పడ్డావటగా," అంది గోడ.

"లేదు."

నెలల తర్వాత ఆ మొగుడూపెళ్ళాలు నేరుగా మాట్లాడుకున్నవి ఆ నాలుగు మాటలే. ఒక్కొక్క మాటకీ రెండ్రోజుల కాపురం ఒక్కొక్క రాయిగా ఊడిపోయింది.

అతను పెద్దాడి చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. మొహాలు చూడగానే అర్థమైంది. "అక్కా, మేం మంచికే..."

"లోపల ఇరుక్కున్నవాళ్ళకి చెప్పే మాటే కదరా ఇదీ," అంది వదిన. "అయితే ఈ రెండ్రోజులూ నేను కాపురం చేసింది మీ ఇద్దరితోనన్నమాట." చంటిదాన్ని ఎత్తుకుని బయటికి నడిచింది. ఆ సగం రొట్టె గుర్తొచ్చిందో ఏమో, గుమ్మం దగ్గర ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

సమాధి ముందు మైదానంలోనే బస్సులు ఆగుతాయి. వదిన వ్యాను ఎక్కనంది. పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోతానంది. సామాను మొయ్యడానికి తమ్ముడు రాక తప్పదు. అతను ఆమె దగ్గరికి రాలేదు. అక్క చూపు దాటి ఎలా వస్తాడు? వ్యాను పక్కన అన్నయ్య చూపు దాటి ఆమె ఎలా వెళ్తుంది?

చంటిది టోపీ మర్చిపోయి, అది తీసుకోవడానికి వ్యాను దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. నిలబడి ఊపిరి పీల్చుకుని, "అత్తా, మామయ్య చెప్పమన్నాడు. రెండే నిమిషాలట. వచ్చేస్తాడట," అంది.

ఆమె కళ్ళు అప్పటిదాకా అతని మీంచి కదల్లేదు. అతను ఇటు వీపు పెట్టి బస్సు మీదికి పెట్టెలెక్కిస్తూనే ఉన్నాడు. చంటిది అతని దగ్గరికే పోలేదు.

"నిజంగా అన్నాడా?"

"అన్నాడులే. నువ్వు వినలేదు," అంది చంటిది, తన కాలి బొటనవేలు చూసుకుంటూ.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని టోపీ తాడు ముడివేసింది. ముడి ఒక పట్టాన పడలేదు.

"మామయ్యకి నువ్వేమన్నావని చెప్పను?"

"ఏమీ అనలేదని చెప్పు," అంది ఆమె. ఇకమీదట ఉన్నదున్నట్టే మొయ్యాలనుకుంది.

చంటిది పరిగెత్తింది. ఈసారి నిజంగానే అతని దగ్గరికి వెళ్ళింది. అతను వంగాడు. అది చెవిలో ఏదో చెప్పింది. ఏమీ అనలేదని చెప్పడానికి అంతసేపు పట్టదు. చెప్తూనే ఉంది, చేతులు తిప్పుతూ.

అతను లేచి నిలబడి ఇటు చూశాడు. దూరం చూడ్డానికి ఎడమ కన్ను చికిలించాడు.

కాదని తల అడ్డంగా ఊపితే సరిపోయేది. ఆ పిల్ల ఏం కల్పించిందో ఆమెకి తెలియదు. అదేదైనా సరే, అబద్ధం మాత్రం అయి ఉండదు. ఆమె తల కదపలేదు.

అతను చెయ్యి ఎత్తబోయాడు. బస్సులోంచి వదిన పిలిచింది. ఆ చేత్తోనే చంటిదాన్ని ఎత్తి లోపలికి అందించి, తనూ ఎక్కాడు. కిటికీల్లో ఎక్కడా కనపడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె అన్ని కిటికీలూ చూసింది. పెద్దాడొక్కడే చెయ్యి ఊపాడు.

ముందు సీటు ఖాళీగా ఉంది. ఆమె ఎక్కి కూర్చుంది. వెనక కిటికీ అద్దం టప్పున దానంతటదే జారిపడింది. నలిగే వేళ్ళు లేవని తెలిసీ ఇద్దరూ ఉలిక్కిపడి వెనక్కి చూశారు.

అన్నయ్య తాళం తిప్పాడు, మళ్ళీ ఆపాడు. "వెళ్ళేటప్పుడు మీ వదిన ఏమైనా అందా?"

"ఏమీ అనలేదన్నయ్యా."

అన్నయ్య తలూపాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. వ్యాను చాలా దూరం పోయింది. దారిలో టీ కొట్టు వచ్చింది. అన్నయ్య ఆపలేదు. అది దాటిపోయాక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"ఏదో ఒకటి అందని చెప్పొచ్చుగా."