గట్టయ్య దాచుకున్న కట్టెలు

కార్తీకమాసం చలికి ధర్మసాగర్ చెరువు మీద పొద్దెక్కేదాకా మంచు కదలదు. ఆ ఊళ్ళో గట్టయ్యకు తెల్లవారడమంటే కోడి కూయడం కాదు, పెరట్లో భార్య సమ్మమ్మ నీళ్ళ కాగు మూత తీసిన చప్పుడు. ఆ చప్పుడు వినగానే గోడ పట్టుకుని లేచి, పట్టేసిన మోకాళ్ళను ఈడ్చుకుంటూ స్నానాల బండ మీద కూలబడేవాడు. సమ్మమ్మ చెంబుతో ఉడుకు నీళ్ళు పోసేది.

మొదటి చెంబుకు భుజాలు కరిగేవి, రెండో చెంబుకు మోకాళ్ళు. ఆ తర్వాత ఆవిరిలో కళ్ళు మూసుకుంటే తన వయసెంతో తనకే తెలిసేది కాదు. ఎప్పుడో చచ్చిపోయిన తెల్ల ఎడ్లు మెడగంటలు మోగించుకుంటూ వచ్చేవి. గుట్ట మీద మళ్ళీ చెట్లు మొలిచేవి. ముసురు పట్టినా, చలి కొరికినా ఆ నీళ్ళు తప్పేవి కావు. ఎండాకాలం ఎండ వచ్చినట్టు, వానాకాలం వాన వచ్చినట్టు అవీ వాటంతటవే వస్తాయని ఆయన నమ్మకం.

పంతొమ్మిది వందల ఎనభై మూడో సంవత్సరం, అలాంటి ఒక పొద్దున్నే గ్రామసేవక్ సారంగపాణి వాకిట్లో సైకిల్ దిగాడు. పశువుల పెండతో వంటగ్యాస్ తయారయ్యే గుంత కట్టించుకుంటానని గట్టయ్య కొడుకు యాకయ్య పేరు ఇచ్చుకున్నాడు మరి.

"ఇంట్ల ఎంతమందున్నరు?"

"ఆరుగురం సార్. అమ్మ, నాయిన, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు."

"గిప్పటి లెక్క ఒక్కటే సరిపోదు యాకయ్యా. గుంత ఒక్కసారి కడితే ఏండ్లకేండ్లు ఉంటది. పదేండ్లకు ఎందరు తింటరో, పొయ్యికి ఎంత గ్యాస్ కావాల్నో గిప్పుడే సోచాయించాలె."

అరుగు మీద ఎండ కాచుకుంటున్న గట్టయ్య తల ఎత్తాడు. "అయితే ఇద్దర్ని తీసెయ్యి సారూ. నన్ను, మా ముసల్దాన్ని. ఊరు పొమ్మంటాంది, కాడు రమ్మంటాంది. మాకు కావాల్సిన కట్టెలు మేం పెట్టుకున్నం."

యాకయ్య ముఖం మాడిపోయింది. ఛాయ్ తెస్తున్న కోడలు సరస్వతి గుమ్మంలోనే ఆగిపోయింది. సారంగపాణి పశువుల కొట్టం చుట్టూ తిరిగి వచ్చి, ఒక మూల చూపించాడు.

"గీ జాగ మంచిగున్నది. పశువులు పక్కనే, వంటిల్లు దగ్గర, ఎండ తగుల్తది. గా కట్టెల కుప్ప ఒక్కటి జరుపుకోండ్రి. ఎల్లుండి వస్త."

ఆ మూల తాటికమ్మల పందిరి కింద, మట్టిగోడకు ఆనించి మనిషెత్తున పేర్చి ఉన్నవే గట్టయ్య చెప్పిన కట్టెలు. అన్నీ తుమ్మ మొద్దులే. ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే తెచ్చి, తన కాష్టానికి, భార్య కాష్టానికి కలిపి పేర్చుకున్నాడు. రోజూ పొద్దుగూకే ముందు ఎదురుగా నిలబడి ఒకసారి చూసుకుంటేనే ఆయనకు అన్నం సయించేది.

"దాన్ని జరిపేది లేదు," అన్నాడు గట్టయ్య.

"నాకు సుత ఇష్టం లేదు," అంది సమ్మమ్మ తొందరగా. "గా జాగల గుంత వద్దు. వాస్తు మంచిగ లేదు."

తులసిగద్దె పక్కనే పెండకుప్ప పోసుకునే మనిషికి ఆ రోజే వాస్తు ఎందుకు గుర్తొచ్చిందో ఎవరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం సరస్వతి పుల్లల మోపుతో గుట్ట దిగి రావడం గట్టయ్య అరుగు మీద నుంచి చూశాడు. ఆయన చిన్నప్పుడు ఆ గుట్ట నిండా అడవే. ఇప్పుడు బోడిగుండు. పొద్దున పోయిన కోడలు అన్నం వేళకు గానీ ఇల్లు చేరడం లేదు. రేపు మనవరాలు ఎంత దూరం పోవాలో!

"మనుషులు పెరుగుతాండ్రు సమ్మీ, పొయ్యిలు పెరుగుతానయ్. చెట్టు ఒక్కటి పెరుగుతలేదు," అన్నాడు కలలో మాట్లాడినట్టు. "ఇంక కొన్నేండ్లకు మనిషిని కాల్చుటందుకు సుత కట్టె దొరకదు."

సమ్మమ్మ చేటలో బియ్యం మళ్ళీ మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు యాకయ్య గడ్డపార తీసుకుని పందిరి దగ్గరికి పోయాడు. గట్టయ్య కుప్పకు అడ్డం నిలబడ్డాడు.

"జరుగు నాయినా."

"నా మీద నుంచి పో."

యాకయ్య గడ్డపార కింద పడేశాడు. ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్నది బయటపడింది. "ఊరంత నవ్వుతాంది నాయినా! బతికుండంగనే కాష్టం పేర్చుకున్నడు, కొడుకు మీద భరోస లేదంటాండ్రు. సరస్వతి పచ్చిపుల్లల పొగకు కండ్లు వాచి ఏడుస్తాంది, నీకేమో గీ ఎండు మొద్దులు దేవునితోని సమానం. నేనేం సచ్చిన్నా? నీకు నాలుగు కట్టెలు తేలేనా?"

గట్టయ్య ఒక మొద్దు మీద చెయ్యి వేశాడు. "నేను సుత మా నాయినకు తేగలననే అనుకున్న," అన్నాడు. "ముసురు పట్టింది. ఎటు చూసినా తడి కట్టె. అంటుపెడితే పొగ తప్ప మంట లేదు. కిరసనాయిలు కోసం గడప గడప తిరిగిన. పోస్తే జర మండె, మళ్ళ ఆరె. సగం కాలిన తండ్రి ముందట వానల నిలబడ్డ బిడ్డా. కొడుకు చూసేది కాదది. నువ్వు చూడొద్దనే గిన్నేండ్ల సంది గివి పేర్చిన."

యాకయ్య కళ్ళు నిండాయి. "గీ ముచ్చట ఎన్నడు చెప్పకపోతివి?"

"చెప్తే నీ కండ్లకు సుత కనపడ్తదని."

ఇద్దరూ ముఖాలు తిప్పుకున్నారు. కాస్త తేరుకున్నాక గట్టయ్య తన సంపదను కొడుక్కి చూపించబోయాడు. "సూడు, ఎట్లెండినయో," అంటూ కుప్ప నడిమి నుంచి ఒక మొద్దును బలంగా లాగాడు.

కుప్ప ఒక్కసారిగా లోపలికి కూలింది. దుమ్ములోంచి, మూడు వారాలుగా కనిపించకుండా పోయిన ఎర్ర పెట్ట కెక్కెక్కెమంటూ ఎగిరింది. దాని వెనకే పసుపుపచ్చ పిల్లలు తలా ఒక దిక్కు పరుగెత్తాయి. దుమ్ము అణిగాక చూస్తే ఎదుటి వరస మొద్దులు, పైన కప్పిన మొద్దులు తప్ప ఇంకేమీ లేవు. వెనక గోడ దాకా అంతా ఖాళీ.

గట్టయ్య నోట వచ్చిన మొదటి మాట, చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన కోడలికి తగిలింది. "పొయ్యి కాడ ఉండేదానివి నువ్వు. మామ సచ్చేదాక సుత ఆగలేకపోయినవా?"

"నేను ముట్టలేదు మామా!" సరస్వతి భోరుమంది. "గుట్ట మీది ముండ్లు గుచ్చుకున్న కాళ్ళు చూడు. దొంగతనమే చేసేదాన్నయితే నాకా పాట్లెందుకు?"

"దాన్ననకు," అంది సమ్మమ్మ. పెరటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "నేనే తీసిన."

"తీసి ఏం చేసినవే?"

"నీ నెత్తి మీదనే పోసిన."

గట్టయ్యకు అర్థం కాలేదు.

"ముసురుల ఎండుకట్టె యాడ దొరుకుతది? చలికాలం నీ మోకాళ్ళు పట్టుకపోయి మంచం దిగలేకపోతివి. ఉడుకు నీళ్ళు పోస్తే లేస్తివి. నువ్వు సచ్చినంక కాలుటందుకు పెట్టుకున్నవు, సావకుండ నడుసుటందుకు నేను కాల్చిన. ఎదురుంగ తీస్తే నీకు కనపడ్తదని గోడ దిక్కు నుంచి తీసిన. తప్పే. కొడ్తే కొట్టు."

గట్టయ్య కూలిన మొద్దుల మీదే కూర్చుండిపోయాడు. ఎన్ని పొద్దులు! ఆ ఆవిరి, ఆ తెల్ల ఎడ్లు, ఆ చెట్లు, అన్నీ ఈ కట్టెల మంటలోంచి వచ్చినవే. తన చితి మీద తను ఇన్నేళ్ళుగా స్నానం చేస్తున్నాడు. ఆయనకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది.

"తప్పయింది బిడ్డా," అన్నాడు కోడలితో. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తల ఊపింది.

తర్వాత భార్య వైపు తిరిగాడు. "మరి నువ్వు? నీ తానానికి?"

"నాకేంది, సన్నీళ్ళు అలవాటే. ఇద్దరికి కాగబెడితే కట్టె అయిపోదా?"

"నీ మోకాళ్ళు నొయ్యవా?"

సమ్మమ్మ కోడిపిల్లల మీద గంప బోర్లించడానికి వంగి, లేవలేక గోడ పట్టుకుంది. ఆమె అలా గోడ పట్టుకుని లేవడం గట్టయ్య రోజూ చూస్తున్నదే. ఎందుకని ఒక్కరోజూ అడగలేదు. ఇద్దరి కోసం దాచిన కట్టెలను ఆమె ఒక్కడి కోసమే కాల్చింది. ఆ మాట గుండెలో దిగేసరికి ఆ ముసలివాడు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

యాకయ్య తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. "మీ ఇద్దరి కట్టెల ఫికర్ నాకిడిచిపెట్టు నాయినా."

మిగిలిన మొద్దులు ఆ సాయంత్రమే కాగు పొయ్యి పక్కకు చేరాయి.

మర్నాడు పొద్దున సమ్మమ్మ లేచేసరికి పెరట్లో కాగు మూత చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే పొయ్యి ముందు గట్టయ్య. బండ కడిగి, చెంబు పట్టుకుని కూర్చున్నాడు.

"కూసో."

"ఏందయ్యా గిది, కోడలు చూస్తే నవ్వుతది."

"నవ్వనీ."

చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని బండ మీద కూర్చుంది. ఆమె మోకాళ్ళ మీద నీళ్ళు పోశాడు. మంచులో ఆవిరి కలిసి పెరడు కనబడకుండా పోయింది. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఉడుకు ఎక్కువైందా?"

"లేదు," అంది. "చిన్నప్పుడు మా అమ్మ పోసేది."

చెంపల మీద కారేవి ఆవిరి నీళ్ళో కన్నీళ్ళో ఆయన అడగలేదు. ఇంకో చెంబు ముంచాడు.

పొద్దెక్కాక సారంగపాణి వచ్చాడు. ఖాళీ అయిన మూల చూసి సంతోషపడి, కొంచెం భయంగానే అడిగాడు. "మరి పదేండ్ల లెక్క ఎట్ల తియ్యాలె పెద్దమనిషీ? మీ ఇద్దర్ని తీసెయ్యాల్నా?"

"తీసెయ్యకు సారూ. అందర్ని పెట్టు. పొద్దుగాల కాగు నీళ్ళు సుత కలుపుకో." గట్టయ్య పెరటి వైపు చూశాడు. "ఒక్కటి కాదు, రెండు కాగులు."

సారంగపాణి నవ్వాడు. "గంత గ్యాస్ కావాల్నంటే ఇంకో బర్రె కావాలె మరి. యాడికెల్లి తెస్తవు?"

కొట్టం మూలలో మొదటి గడ్డపార దెబ్బ వేస్తున్న యాకయ్య వైపు చూశాడు గట్టయ్య.

"నేనెందుకు తెస్త సారూ," అన్నాడు. "నా కొడుకు తెస్తడు."