పట్టు వయసు

“కదలకమ్మా. ఇంకొక్క నిమిషం,” అంది డాక్టర్ నీలవేణి మైకులో.

అద్దానికి అవతల పదకొండేళ్ల కృత్తిక తల తెల్లటి వలయంలో ఉంది. అద్దానికి ఇవతల ఆ పిల్ల తండ్రి దొమ్మేటి ఫణీంద్ర చేతులు కట్టుకుని నిలబడి, తెలిసిన దేవుళ్లందరినీ ఒకే ఒక్క కోరిక కోరుతున్నాడు. పిల్ల ఆరోగ్యంగా ఉండాలని కాదు, అది ఎలాగూ ఉంటుందని అతని ధీమా. ఈ యంత్రం ‘ఇప్పుడే వద్దు’ అని చెప్పాలని.

ఇది ఇంకా రాని కాలపు కాకినాడ. ఆ ఊళ్లో కబడ్డీకి పట్టిన యోగం మరే ఆటకీ పట్టలేదు. పేటపేటకీ మెత్తటి చాపలు పరిచిన కోర్టులున్నాయి. జూనియర్ లీగ్ మ్యాచ్ ఉన్న సాయంత్రం పెళ్లివారు ముహూర్తాన్నే కాస్త జరుపుకుంటున్నారు. ఆట పెరిగేకొద్దీ ఆడే పిల్లల వయసు తగ్గుతూ వచ్చింది. కూతకొచ్చిన పిల్లని నలుగురు కలిసి కాళ్లూ నడుమూ పట్టి పడేస్తారు కదా, ఆ పట్టులో తల అదరకుండా ఉంటుందా? అసలు పిల్లల్ని పట్టులోకి దింపాలా? దింపితే ఏ వయసులో? తల్లులు ఒకటన్నారు, కోచ్‌లు ఒకటన్నారు, టీవీలో అందరూ అన్నీ అన్నారు. చివరికి ప్రభుత్వం ఆ తగువుని ఒక యంత్రానికి అప్పగించి చేతులు దులుపుకుంది.

ఆ యంత్రం పేరు ఇంపాక్ట్ మ్యాపర్. దాన్ని తయారుచేసింది ఈ నీలవేణే. తల్లిదండ్రులకి ఆవిడ దాని గురించి చెప్పే తీరు చాలా తేలిక. గిన్నెలో తోడుకున్న పెరుగుని సైకిల్ మీద పెట్టుకుని గతుకుల రోడ్డు మీద వెళ్లండి. పైన మూత బాగానే ఉంటుంది. లోపల పెరుగు బీటలిచ్చి నీరు తేరుతుంది. పుర్రె మూత, మెదడు పెరుగు. తలకి ఏది తగిలినా లోపల సన్నటి నరాల పోగులు సాగుతాయి. సాగిన చోట ఒక రకం ప్రొటీన్ పేరుకుని మచ్చలా మిగులుతుంది. బలహీనమైన అయస్కాంత తరంగాలతో ఈ యంత్రం ఆ మచ్చల్ని వెతికి పట్టుకుంటుంది. ఏ మచ్చ ఎటువైపు నుంచి తగిలిన దెబ్బదో, ఎంత వెడల్పుదో, ఏ నెలలో పడిందో చెబుతుంది. అన్నీ కలిపి, మెడ బలం కూడా చూసి, ఆ పిల్లకి ‘పట్టు వయసు’ తేలుస్తుంది. అప్పటిదాకా ముట్టుడు కబడ్డీయే. ముట్టుకుంటే అవుటు, ఎవరూ ఎవర్నీ పట్టుకోకూడదు.

కృత్తికకి పట్టు వయసు పన్నెండు వస్తే జిల్లా జట్టులో చోటు ఖాయం. ఆ పిల్ల కూతకి వెళ్తే తూనీగే. తండ్రికి మాత్రం అది కంటగింపు. ఎందుకంటే ఫణీంద్ర పోర్టులో సేఫ్టీ ఆఫీసరు. హెల్మెట్ లేకుండా గేటు దాటిన ఓడ కెప్టెన్ని కూడా ఎండలో నిలబెట్టి క్లాసు పీకిన మనిషి. “ప్రమాదం ఉన్న చోట హెల్మెట్. ప్రమాదం తొలగిందని తేలేదాకా తీయకూడదు. పట్టీ పెట్టుకోని హెల్మెట్ హెల్మెట్ కాదు.” ఇది పోర్టులో అతని మంత్రం, ఇంట్లో కూడా అదే పారాయణ. కృత్తికకి ఎక్కాలకంటే ముందు ఇదే వచ్చింది.

“చదువుకోవాల్సిన తలకాయ అది. దాన్ని నేలకేసి కొట్టించడానికి నేను ఒప్పుకోను,” అని భార్య హిమజతో రోజూ అనేవాడు. 

వలయం ఆగింది. గోడ మీది తెరపై కృత్తిక మెదడు నీలంగా వెలిగింది. కాసేపటి క్రితమే ఇదే తెర మీద కబడ్డీ అకాడమీ పిల్ల ఒకతె మెదడు చూశాడు ఫణీంద్ర. ఈ పట్టు వయసు చట్టం రాకముందు రెండేళ్లు పట్టులాడిన పిల్ల. పక్కన, వెనక, అక్కడొకటి ఇక్కడొకటి మచ్చలున్నాయి, అంతే.

కృత్తిక నడినెత్తి కింద మాత్రం చీమలు మూగినట్టు మచ్చలే మచ్చలు.

నీలవేణి కుర్చీలోంచి లేచి నిలబడింది. యంత్రం పొరపాటు పడిందేమోనని మళ్లీ నడిపింది. మళ్లీ అవే. ఫణీంద్ర తెర దగ్గరికి వెళ్లాడు. కోరుకున్నది ‘వద్దు’ అన్న మాట, ఇది కాదు. కూతురి తలలో ఇన్ని దెబ్బలు! ఎప్పుడు తగిలాయి? ఎవరు కొట్టారు? ఆ తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ అప్పలకొండ మాస్టారు కనిపించాడు. కృత్తికకి కబడ్డీ నేర్పే కోచ్, శ్రీకాకుళం మనిషి.

“దొంగచాటుగా నా కూతుర్ని పట్టులో దింపావా?” ఫణీంద్ర అతని చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. “నమ్మి పంపిస్తే దాని తల పగలగొడతావా? నిన్ను జైల్లో పెట్టిస్తాను!”

“ఏటి సార్, అంత మాటనేశారు!” మాస్టారి మొహం పాలిపోయింది. “ఆ పాపని ఒక్కరంటే ఒక్కరు పట్టలేదు. నా పిల్లల మీద ఒట్టు సార్.”

“ఒట్లు ఎవడికి కావాలి? అక్కడ కనపడుతోంది కదా!”

“ఫణీంద్ర గారూ, కూర్చోండి,” అంది నీలవేణి. గొంతు మెత్తగానే ఉంది కానీ ఆవిడ కళ్లు తెరని వదల్లేదు. “పట్టులో పడితే దెబ్బ పక్కలకి తగులుతుంది, వెనక్కి తగులుతుంది. ఇవన్నీ పైనుంచి వచ్చినవి. అన్నీ ఒకే చోట. వెడల్పు చూడండి, వేలి కణుపంత. నెలలవారీగా చూస్తే పరీక్షల ముందు ఒత్తుగా ఉన్నాయి. వేసవి సెలవుల్లో ఒక్కటీ లేదు.”

“వేసవిలో పాప మా క్యాంపులోనే ఉంటాది కదా మేడమ్,” అన్నాడు మాస్టారు నెమ్మదిగా. “పొద్దుటా సాయంత్రం నా దగ్గరే. మిగతా అప్పుడు అమ్మమ్మ గారింట్లో.”

ఫణీంద్ర తెర వైపు, మాస్టారి వైపు, మళ్లీ తెర వైపు చూశాడు. పోర్టులో ప్రమాదం జరిగితే కారణం కనిపెట్టడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఆ రోజు మాత్రం ఆ బుర్ర పనిచెయ్యలేదు.

కృత్తిక అప్పుడే బయటికొచ్చి తండ్రి పక్కన కుర్చీలో ఒదిగి కూర్చుంది. తెర మీది మచ్చల్ని చూసింది. పెద్దవాళ్ల మొహాల్నీ చూసింది.

“నేను మెట్ల మీంచి పడ్డానండి,” అంది డాక్టరుతో, ఎవరూ అడక్కముందే.

“ఎన్నిసార్లు తల్లీ?”

“చాలాసార్లండి. స్కూల్లో.”

“ప్రతిసారీ నడినెత్తి మీదే పడ్డావా?”

పిల్ల తలూపింది. చెప్పిన అబద్ధం చాలదేమోనని ఇంకోటి వెతుక్కుంటూ చెయ్యి తిప్పింది. ఆ చెయ్యి తగిలి బల్ల మీది గ్లాసు దొర్లి నీళ్లన్నీ డాక్టరు కాగితాల మీదికి పోయాయి.

“చూసుకోవద్దూ!” అన్నాడు ఫణీంద్ర.

టక్.

చాలా చిన్న చప్పుడు. చూపుడు వేలి కణుపు నడినెత్తి మీద పడితే ఎంత చప్పుడవుతుందో అంతే. కోపంతో కూడా కాదు. జేబులో రుమాలు తీసుకున్నంత మామూలుగా చెయ్యి లేచింది, మొట్టికాయ వేసింది, మళ్లీ ఒళ్లోకి వచ్చింది. ఆ చెయ్యి లేవకముందే కృత్తిక కళ్లు మూసుకుని భుజాలు పైకి బిగించుకుని ఉంది.

బల్ల అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. అప్పలకొండ మాస్టారు తల తిప్పేసుకున్నాడు. ఇందాకటి తిట్లకి బదులు తీర్చుకునే అవకాశం వచ్చినా ఆ మనిషి నోరు విప్పలేదు.

అందరూ ఎందుకలా చూస్తున్నారో ఫణీంద్రకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత తన చేతి వైపు చూసుకున్నాడు.

“ఇది... ఇది దెబ్బేమిటి డాక్టర్ గారూ?” అన్నాడు. “నేనెప్పుడూ పిల్ల మీద చెయ్యి చేసుకోలేదు. కావాలంటే అడగండి. మొట్టికాయ అంటే... లెక్క తప్పితే ఒకటి వేస్తాం. మా నాన్న నాకు వెయ్యలేదా? ఆ మొట్టికాయల వల్లే కదా నేనింతవాణ్ణయింది!”

“ఒక్కటైతే ఏమీ కాదండీ. ఒక్కదాన్ని మా యంత్రం లెక్కలోకే తీసుకోదు,” అంది నీలవేణి. “లేతమెడ. ఒకే చోట. ఏళ్ల తరబడి. పట్టులో పిల్ల ముందే తెలుసుకుని ఒళ్లు బిగిస్తుంది, చాప ఉంటుంది, పడటం ఎలాగో మాస్టారు నేర్పిస్తారు. లెక్కల పుస్తకం ముందు తల వంచుకుని కూర్చున్న పిల్లకి ఏముంటుంది చెప్పండి?”

ఫణీంద్ర చెయ్యి అతనికి తెలియకుండానే తన నడినెత్తి మీదికి వెళ్లింది. కంచే చేను మేయడమంటే ఏమిటో చిన్నప్పుడు చదువుకున్నాడు కానీ తనే ఆ కంచెనని ఏనాడూ అనుకోలేదు.

యంత్రం ఫలితం ఇచ్చింది. కృత్తిక పట్టు వయసు పదిహేను. అదీ ఇకమీదట ఒక్క మచ్చా చేరకుండా ఉంటేనే. చేరితే ఇంకా ఆలస్యం. జిల్లా జట్టు మాట ఇక మరిచిపోవడమే. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. ఫణీంద్ర కోరిన ‘వద్దు’ అతని చేతికే వచ్చింది. ఇంటికెళ్లే దారి పొడుగునా పిల్ల ఏడవలేదు, కారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏడిస్తే బాగుండునని తండ్రికి అనిపించింది.

సంగతి దాగలేదు. కృత్తిక ఒక్కతే కాదని కూడా తేలింది. పట్టు వయసు కోసం వచ్చిన పిల్లల్లో సగంమంది తలల్లో అవే మచ్చలు, అదే నడినెత్తి. కబడ్డీ ప్రమాదమా కాదా అని తేల్చడానికి పుట్టిన యంత్రం ఇళ్లనీ ట్యూషన్లనీ పట్టిచ్చింది. ఊరు నోరెళ్లబెట్టింది. ఇక మారిపోతుందనుకున్నారు కాబోలు పాపం నీలవేణి గారు. ఒక వారం గడిచాక ఆవిడ గది ముందు తల్లిదండ్రులు వరసకట్టారు. మొదటి పెద్దమనిషి గొంతు తగ్గించి అడిగాడు.

“డాక్టర్ గారూ, నాకొక్క అనుమానమండీ. వీపు మీద వేస్తే మీ మిషన్‌కి కనపడదు కదండీ?”

నీలవేణి పెన్ను కింద పెట్టి అతని వైపు చూసింది. వెనక నిలబడ్డవాళ్లు జవాబు కోసం మెడలు చాచారు. వాళ్లకీ అదే అనుమానం.

ఫణీంద్ర అలాంటి మనిషి కాదు. ఇంటికెళ్లిన రోజే హిమజ ముందు కూతురి తల మీద చెయ్యి వేసి ప్రమాణం చెయ్యబోయి, ఆ చెయ్యి వెయ్యడానికే జంకి, ఉత్తినే మాటిచ్చాడు. లెక్కలు చెప్పేటప్పుడు కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. అయినా ఒకసారి చెయ్యి బయటికొచ్చి గాల్లోకి లేచింది. సమయానికి ఆపుకున్నాడు. అది పిల్ల చూడలేదనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం భిన్నాలు. ఫణీంద్ర బల్ల దగ్గర కూర్చుని, “కృత్తీ, పుస్తకం తీసుకురా,” అని పిలిచాడు.

కృత్తిక వచ్చింది. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో పెన్సిలు. తల మీద పసుపుపచ్చ హెల్మెట్. పోర్టులో అతను పెట్టుకునేది, వీధి తలుపు పక్కన మేకుకి వేలాడేది. ఆ చిన్న తలకి అది కనుబొమల దాకా దిగిపోయింది. కుర్చీ లాక్కుని, పుస్తకం తెరిచి, సిద్ధంగా కూర్చుంది.

ఫణీంద్ర పుస్తకం మూసేశాడు.

“ఇదేంటమ్మా?” అన్నాడు. “నేనింక కొట్టనని చెప్పాను కదా.”

“నువ్వు కొట్టవు నాన్నా,” అంది కృత్తిక. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, అలకా లేదు. తండ్రినే ఓదారుస్తున్నట్టుంది. “నీకు తెలీకుండా చెయ్యి వచ్చేస్తుంది, అంతే. నిన్న కూడా వచ్చింది కదా. ఇంకో మచ్చ పడితే పదహారు దాకా ఆగాలంట. అందుకని.”

వంటింటి గుమ్మంలో హిమజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫణీంద్రకి ఆ హెల్మెట్ తీసి అవతల పారెయ్యాలనిపించింది. పిల్లని దగ్గరికి లాక్కోవాలనిపించింది. తొడ కింది నుంచి చెయ్యి తీసి మెల్లగా చాచాడు.

కృత్తిక కళ్లు గట్టిగా మూసుకుంది. భుజాలు పైకి బిగుసుకున్నాయి.

చెయ్యి అక్కడే ఆగింది. కాసేపటికి అతను దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ తొడ కింద పెట్టుకున్నాడు. హెల్మెట్ పట్టీ ఊడి పిల్ల చెంప పక్కన వేలాడుతోంది.

“పట్టీ కూడా పెట్టుకో తల్లీ,” అన్నాడు ఫణీంద్ర.