కన్నం ముందు, పొయ్యి తర్వాత

ప్రేమకథలు చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. ఒక్క అబద్ధం కూడా కలపకుండా చెప్పేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. చిటికెడు మసాలా కూడా పైనుంచి చల్లను. జరిగింది జరిగినట్టు, అన్నది అన్నట్టు. నమ్మకపోతే చివరిదాకా విని అప్పుడు నిలదీయండి.

మన కుర్రాడు గ్రానైట్ మేస్త్రీ. వంటగదిలో గట్టు మీద పరిచే నల్లరాయి ఉంటుంది చూడండి, దాన్ని కొలిచి, కోసి, సింకుకొక కన్నం, పొయ్యికొక కన్నం పెట్టి, అంచులు అద్దంలా మెరిపించడం అతని పని. అతను కట్టరు పట్టుకుంటే రాయి వెన్నముద్దయిపోయేది.

"నేను కోసిన చోట సందులో వెంట్రుక దూరితే మీసం తీసేస్తా" అనేవాడు. అదేం మామూలు మీసం కాదు. అతనికంటే ముందు అదే గుమ్మంలోకి వచ్చేది. ఈ మాట ఊరంతా పాకి, చివరికి అతని పేరు 'వెంట్రుక మేస్త్రీ' అయిపోయింది.

ఎవరింటికి వెళ్ళినా అతను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "పొయ్యి కొన్నారా? కొనండి. తెచ్చి చూపించండి. అప్పుడు కోస్తా." ఎంత బతిమాలినా వినేవాడు కాదు.

అలాంటివాడు సొంతిల్లు కట్టుకుని ఏం చేశాడు? పొయ్యి కొనకముందే కన్నం కోశాడు.

వాళ్ళమ్మ వల్ల. ఆవిడ తన గిన్నెల్లో పెద్దవి నాలుగు ఏరి తెచ్చి రాయి మీద వరసగా పెట్టింది. "ఈ నాలుగూ ఒక్కసారే ఉడకాలి. ఇక్కణ్ణుంచి ఇదిగో, ఇక్కడిదాకా కొయ్యి" అంది.

"అమ్మా, ముందు పొయ్యి కొందాం. దాని కొలత బట్టి..."

"నీకు అన్నం పెట్టేముందు నేనెప్పుడైనా నీ పొట్ట కొలిచానా? కొయ్యరా!"

కోశాడు. ఆ కన్నంలో పసిపిల్లని పడుకోబెట్టి జోల పాడచ్చు. ఇక ఆ రోజు నించి హాల్లో ఒక స్టూలు మీద పాత పొయ్యి, దాని ముందు ముక్కాలిపీట మీద వాళ్ళమ్మ. "నా పొయ్యి గట్టెక్కేదాకా ఇది ఇల్లు కాదురా, బస్టాండు" అని పొద్దున్నా సాయంత్రం పాడిందే పాట.

అందుకని ఒక మధ్యాహ్నం అతను హాబ్‌లు అమ్మే షాపుకి బయల్దేరాడు. హాబ్ అంటే ఏం లేదు, గట్టులోకి దిగి కూర్చునే పొయ్యి. పైన గాజుపలక, అందులోంచి బర్నర్లు మాత్రం తల బయటపెట్టి చూస్తూ ఉంటాయి.

దారిలో వాన పట్టుకుంది. అలాంటిలాంటి వాన కాదు. ఆకాశానికి చిల్లు పడి, ఆ చిల్లు సరిగ్గా అతని నెత్తి మీదికే పెట్టినట్టు కురిసింది. నీళ్ళు కారే మీసంతో షాపులోకి అడుగుపెట్టాడు.

"ఆగండి! అక్కడే! ఇప్పుడే తుడిచాను."

నల్లటి గాజు హాబ్‌ల మధ్య ఒక అమ్మాయి, చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. వరసగా ఉన్న ప్రతి గాజులోనూ ఆమె నీడే. ఎటు చూసినా ఆమే కోప్పడుతోంది.

"హాబ్ కావాలండీ" అన్నాడు.

"హాబ్ ఎక్కడికీ పారిపోదు. ముందు కాళ్ళు తుడుచుకోండి."

తుడుచుకున్నాడు. బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఒక పెద్దమనిషి కుర్చీలోనే గురక పెడుతున్నాడు. షాపు ఆయనదే. ఈ అమ్మాయి ఆయన అన్న కూతురు. ఆయన నిద్రపోవడం, ఈమె అమ్మడం, అలా పంచుకున్నారు వ్యాపారం.

"గట్టు కోసేశారా? కన్నం, అదే కటౌట్, సైజ్ ఎంత?"

చెప్పాడు.

"మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు, ఈసారి కాస్త గొంతు తగ్గించి.

"ఇది హాబ్ పెట్టుకోడానికా, ఈత కొట్టడానికా? ఇంత హాబ్ ఏ కంపెనీ చెయ్యదండీ. ఎవరు కోశారు?"

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్ళలోకి చూసి వెనక్కి మళ్ళింది.

"ఎవడో... ఒక మేస్త్రీ అండీ."

"ఆ మేస్త్రీకి కళ్ళున్నాయా?"

"రెండున్నాయండీ."

"అలాంటివాడి చేతికి సబ్బుబిళ్ళ ఇచ్చి కొయ్యమన్నా తప్పే!"

"సబ్బుబిళ్ళ కూడా ఎక్కువేనండీ వాడికి."

"మీరు వెంట్రుక మేస్త్రీని పిలవాల్సింది."

మన కుర్రాడికి పొలమారింది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది ఆ అమ్మాయే.

"ఆయన మీకు తెలుసా?" అని అడిగాడు, గ్లాసు వెనకాల సగం మొహం దాచుకుని.

"మనిషిని చూళ్ళేదు. ఆయన కోసిన గట్లు చూశాను. ఇన్‌స్టలేషన్‌కి మా వాళ్ళతో వెళ్తుంటాను కదా. ఆయన కోసినచోట హాబ్ అలా దించగానే 'టక్' మని కూర్చుంటుంది. ఆ చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది నాకు." గుడ్డతో గాజు మీద లేని మరక తుడిచింది. "అలా కోసే మనిషి అబద్ధం ఆడలేడండీ. రాయి ఊరుకోదు."

చూశారా వాడి అవస్థ! పొగడ్త తీసుకోవాలంటే తిట్లు కూడా తీసుకోవాలి. రెండూ వదిలేసుకుని, బయట వాన ఇంకా దంచుతోంది కాబట్టి, అక్కడే నిలబడ్డాడు. ఇత్తడి బర్నర్ మంచిదా, ఇనుపదా? మంట గాలికి ఆరిపోతే గ్యాస్ దానంతటదే ఆగుతుందా? అడిగిందల్లా ఆమె ఓపిగ్గా చెప్పింది. అడగడానికి ఏమీ మిగలకపోతే మొదటి ప్రశ్నే తిరగేసి అడిగాడు. దానికీ చెప్పింది. అలా సాయంత్రం అయింది.

తర్వాత కూడా ఏదో ఒక వంకన వస్తూనే ఉన్నాడు. గాజు దేంతో తుడవాలి? నాబ్ ఊడితే ఎవర్ని పిలవాలి? ఒకసారి ఏ వంకా దొరక్క "ఊరికే, హాబ్‌లు ఎలా ఉన్నాయో చూసి పోదామని" అన్నాడు.

"బాగానే ఉన్నాయి. మిమ్మల్ని అడిగాయి" అంది ఆమె, తల వంచి నవ్వు దాచుకుంటూ. "ఇంతకీ మీకు హాబ్ కావాలా, నా లెక్చర్ కావాలా?"

"రెండూ ఒకే పెట్టెలో రావాండీ?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గురక ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

ఇంట్లో వాళ్ళమ్మ చూసింది, చూసింది. కొడుకు రోజూ పొయ్యి కోసం వెళ్తాడు, ఉత్త చేతులతో, వెలిగే మొహంతో వస్తాడు. ఇదేదో తేల్చాలని నాలుగు గిన్నెలూ గోనెసంచిలో వేసుకుని తనే బయల్దేరింది. కొడుకు వెనకాల "అమ్మా, వద్దమ్మా" అంటూ సంచి మోశాడు.

షాపులోకి వస్తూనే ఆవిడ గిన్నెలు తీసి, నాలుగు బర్నర్ల హాబ్ మీద పేర్చింది. రెండు గిన్నెలకే హాబ్ నిండిపోయింది. మూడోది అంచున వేలాడింది. నాలుగోది పట్టుకుని ఆవిడ చుట్టూ చూసింది.

"ఆంటీ, మీరు రోజూ ఎంతమందికి వండుతారు?" అని అడిగింది అమ్మాయి.

"నాకూ మావాడికీ."

"ఇద్దరికి రెండు బర్నర్లు చాలు కదా. నాలుగెందుకు?"

"ఎప్పటికీ ఇద్దరమే ఉంటామని నీకెవరు చెప్పారమ్మా?" అంది ఆవిడ, కళ్ళతో ఆ పిల్లని కొలుస్తూ. కొలత నచ్చింది. అంతే, ఆవిడ నోరు ఊరుకోలేదు. "మావాడు ఇన్ని ఇళ్ళకి కోశాడు, ఎక్కడా పొల్లు పోలేదు. వెంట్రుక మేస్త్రీ అంటే వీడే. మా ఇంటి కన్నం ఒక్కటే ఇలా తగలడింది. అదీ వీడు కోసిందే!"

కౌంటర్ దగ్గర గురక సాగుతూనే ఉంది.

అమ్మాయి గిన్నెలు ఒక్కొక్కటే దించింది. గాజు మీద పడ్డ గీతల్లాంటి మరకలు తుడిచింది. అప్పుడంది.

"కొలత ఎవరికైనా తప్పుతుంది. దానికేం కాదు. లేని మనిషి మీదికి తోసేసి, నేను వాణ్ణి అన్ని తిట్లు తిడుతుంటే పక్కన నిలబడి 'అవునండీ' అన్నారు చూడండి... అదీ నాకు నచ్చనిది." తర్వాత కౌంటర్ వైపు తిరిగింది. "బాబాయ్, లే. ఈ కస్టమర్‌ని నువ్వు చూసుకో."

బాబాయ్ ఉలిక్కిపడి లేచాడు. "ఆఁ, ఏ కలర్ కావాలి బాబూ?"

ఇంటికి వస్తుంటే వాళ్ళమ్మ అంది. "పిల్ల బాగుందిరా."

"నా కొంప ముంచి, పిల్ల బాగుందంటావేంటమ్మా!"

"పొయ్యి లేని కొంప మునిగితే ఎంత, తేలితే ఎంత? కొయ్యమన్నది మా అమ్మే అని చెప్పలేకపోయావా?"

"మళ్ళీ ఇంకొకళ్ళ మీదికి తొయ్యమంటావా?"

ఆవిడ గిన్నెల సంచి అతని చేతిలోంచి లాక్కుని ఇంటిదాకా తనే మోసింది.

మర్నాడు పొద్దున్నే అతను గట్టు మీంచి ఆ రాయి ఊడదీశాడు. బండి మీద వేసుకుని తన రాళ్ళ షెడ్డు ముందు, రోడ్డు పక్కన, నిలువుగా నిలబెట్టాడు. పక్కన బోర్డు పెట్టాడు: "పొయ్యి కొనకముందు కన్నం కోస్తే ఇలా ఉంటుంది. కోసింది నేనే. వెంట్రుక మేస్త్రీ."

దారినపోయేవాళ్ళు ఆగి, చదివి, ఆ కన్నంలో తల పెట్టి చూసి, కడుపు పట్టుకుని నవ్వారు. "మేస్త్రీ, కిటికీ బాగుంది, ఊచలెప్పుడు పెడతావ్?" అని ఒకడు. "దొంగలకి ప్రత్యేకంగా చేశావా?" అని ఇంకొకడు. అతను వేరే రాయికి అంచులు సాన పెట్టుకుంటూ కూర్చున్నాడు. అతను చాలా ఏళ్ళు కష్టపడి సంపాదించిన పేరు రోడ్డు మీద అందరి ముందూ నవ్వులపాలవుతోంది. అయినా బోర్డు తియ్యలేదు.

ఆ నవ్వినవాళ్ళలోనే ఒకాయన హాబ్ కొనడానికి వెళ్ళి, షాపులో అమ్మాయికి ఈ వింత చెప్పాడు.

ఒక మధ్యాహ్నం అతను తల ఎత్తేసరికి కన్నంలో ఒక మొహం ఉంది. నాలుగువైపులా నల్లరాయి, మధ్యలో ఆమె.

"ఇక్కడ వెంట్రుక మేస్త్రీ అంటే ఎవరండీ?"

"నేనేనండీ."

ఆమె నవ్వకూడదనే వచ్చినట్టుంది. అతని మొహం చూసి ఆగలేకపోయింది. "అయ్యో, మీసం ఏది?"

"మాటిచ్చాను కదండీ. వెంట్రుక దాకా ఎందుకు, నిన్న ఆ సందులోంచి పిల్లి దూరింది."

ఆమె రాయి పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని, మడతపెట్టిన పెద్ద కాగితం ఒకటి ఆ కన్నంలోంచి అందించింది. "ఇది హాబ్‌తో పాటు పెట్టెలో వచ్చే కాగితం. రాయి మీద అంటించి, గీత వెంబడి కొయ్యడమే. ఇద్దరికి రెండు బర్నర్లు చాలని ఆ రోజే చెప్పాను."

అతను కాగితం విప్పలేదు. గొంతు సవరించుకున్నాడు. 

"ముగ్గురికైతేనో?"

ఆమె కాసేపు రాయి అంచు మీద వేలు రాసింది. "ఆ మూడోవాళ్ళకి వంట వచ్చా?"

"అదే తెలీదండీ. హాబ్‌ల గురించి మాత్రం అంతా తెలుసు."

"హాబ్‌ల గురించే తెలుసు. టీ ఒక్కటే వచ్చు. అది కూడా సగం పొంగి గాజు మీదే పోతుంది."

"తుడవడం నేను నేర్చుకున్నాను కదా. రోజూ వచ్చి మరీ."

"మీసం మళ్ళీ పెంచుతారా?"

"పెంచమంటే పెంచుతా."

"సరే, విప్పి చూడండి."

విప్పాడు. కాగితం మీద మూడు బర్నర్లున్నాయి. ఆమె షాపులోంచి బయల్దేరేటప్పుడే తేల్చుకుని వచ్చింది.

కొత్త రాయి కోసిన రోజు అందరూ ఆ వంటగదిలోనే ఉన్నారు. బాబాయ్ కూడా మెలకువగా వచ్చాడు. "అల్లుడైనా సరే, వారంటీ కార్డు మీద సంతకం పెట్టాల్సిందే" అన్నాడు. అదే ఆయన దీవెన. కుర్రాడూ ఆమే చెరోవైపు పట్టుకుని హాబ్ దించారు.

టక్.

వాళ్ళమ్మ దూరదూరంగా ఉన్న ఆ మూడు బర్నర్ల మీద మూడు గిన్నెలు ఎక్కించి, నాలుగోది తుడిచి అటక మీద పెట్టింది. "ఉండనీ. పనికొచ్చే రోజు రాకపోదు" అంది. ఆ ఇద్దరూ చెరో గోడ వైపు చూశారు.

ఇక నన్ను నిలదీయమన్నాను కదూ? సరే, ఒప్పుకుంటున్నా. ఆ మొదటి రోజు వాన పడలేదు. చినుకు కూడా లేదు, ఎండ మాడ్చేస్తోంది. కుర్రాడు తడిసింది చెమటకి, ఆమె ఆగమన్నది అతని బూట్ల నిండా ఉన్న రాతిపొడి చూసి. మరి వాన లేకుండా మధ్యాహ్నం వచ్చినవాడు సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడనీ, ఆమె ఒక్కసారి కూడా వెళ్ళమనలేదనీ చెప్తే మీరు నమ్ముతారా? అందుకే వాన కురిపించాను. ఆ మీసం మాత్రం నిజంగానే తీశాడు.