సన్యాసమ్మ తువాలు

రెండువేల తొంభై నాలుగులో ఆనందపురం భూగర్భ మెట్రో టెర్మినస్‌లో సీటుకి జేబురుమాలు వేసే మనిషి భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. ఈ మాట ఎవరి ముందైనా గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను.

దానికి కారణం డాక్టర్ వకుళ. విశాఖ చివర, నేలకింద పన్నెండు అంతస్తుల లోతున, రైలు ఖాళీగా వచ్చి తిరిగి బయల్దేరే చోటది. తలుపు తెరుచుకోవడం ఆలస్యం, కుర్రకారు జేబురుమాళ్లూ లంచ్ సంచులూ, ఒకాయనైతే కళ్లజోడూ విసిరి సీట్లు ఆపేవారు. రోజంతా ప్లాట్‌ఫారం తుడిచిన సన్యాసమ్మ మాత్రం గాజువాక దాకా కడ్డీ పట్టుకుని వేలాడేది. అది చూళ్లేక వకుళ మూడేళ్లు కష్టపడి 'అలసటమాని' అనే, అలసటను కొలిచే సెన్సర్ తయారుచేసింది. మడిచి ఉన్న సీటుకి చెయ్యి తగిలితే చాలు, చెమటలోని లవణాలనూ ఆమ్లాలనూ పసిగట్టి, ఒళ్లు హూనమైనవాళ్లకే తెరుచుకుంటుంది.

ఒక సాయంత్రం దానికి పరీక్ష పెట్టారు. మెట్రో డైరెక్టర్ భుజంగరావు మెచ్చుకుంటే అన్ని రైళ్లకీ పెడతారు. పెదవి విరిస్తే మూడేళ్ల కష్టం పాత సామాన్ల గదిలోకి పోతుంది.

రైలొచ్చింది. జేబురుమాళ్లు ఎగిరాయి. ఇస్త్రీ మడత చెదరని ఆ గుడ్డలను సీట్లు లెక్కచెయ్యలేదు. సన్యాసమ్మ వేలు తగలగానే మాత్రం ఒకటి అరటాకులా విచ్చుకుంది. ఆవిడ కూర్చుని మోకాళ్లు నిమురుకుంది. డైరెక్టర్ తలాడించి, సంతకం పెట్టడానికి పలక తీశాడు.

అప్పుడే వకుళకి కళ్లు తిరిగాయి. నాలుగు రోజులుగా ఈ పరీక్ష పనిలో పడి సరిగా నిద్రే లేదు. పక్క సీటు మీద చెయ్యి వేసింది. తెరుచుకోలేదు. ఏసీ గదిలో బుర్ర ఎంత అలిసినా చెమట పట్టదు. ఆ సంగతి ఆమె యంత్రానికి చెప్పనేలేదు.

సన్యాసమ్మ ఇదంతా చూసింది. భుజం మీది చెమట తువాలు తీసి ఆ సీటు మీదికి విసిరింది. సీటు టక్కున తెరుచుకుంది.

"కూకో తల్లీ. నీకోసరమే ఏసినాను."

"వద్దు పిన్నీ. డైరెక్టర్ గారు చూస్తున్నారు."

"సూడనీ. ఆయనక్కూడా కావాలేటో అడుగు. నా కొంగు కాళీగానే ఉంది."

కూర్చుంటే తన యంత్రం ఓడినట్టు. నిలబడితే పడిపోయేట్టుంది. వకుళ కూర్చుంది. మరుక్షణం గాఢనిద్ర. డైరెక్టర్ ఏదో అడగబోయాడు గానీ, సన్యాసమ్మ నోటి మీద వేలు పెట్టుకునేసరికి వెనక్కి తగ్గాడు. వారం తిరక్కుండా సంతకమూ పెట్టాడు. మనిషికి మనిషి సీటు ఆపడం యంత్రం తప్పు కాదన్నాడట.

జేబురుమాళ్లు వెయ్యరన్నానే, ఆ మాట మీదే ఉన్నాను. ఇప్పుడు తువాళ్లు వేస్తారు. అన్నీ సన్యాసమ్మవే. పిన్నీ అని ప్రేమగా పిలిస్తే చాలు, ఆవిడ మొహం తుడుచుకుని మరీ ఇస్తుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ గాఢనిద్ర. వకుళకి నిద్ర పట్టనేలేదు. డైరెక్టర్ అడిగితే ఏం చెప్పాలో తోచక, సీటు దొరికినవాళ్లందరిలాగే, గాజువాక దాకా కళ్లు మూసుకుని కూర్చుంది.